రాతి కొట్టు చరిత్ర: కెరికెరి నుంచి మన భాండాగారాల వైపు

తవ్వకాల నివేదికల్లోకి కొన్ని మాటలు సులువుగా చేరతాయి. ఒకసారి చేరాక కదలవు. 'భాండాగారం' అటువంటి మాట. సుమారు ఇరవై ఏళ్ల క్రితం, పరిశోధక విద్యార్థిగా ఒక బౌద్ధస్థలిలో ట్రెంచి పర్యవేక్షణ చేస్తున్న రోజుల్లో, విహారానికి కొంత ఎడంగా ఒక ఇరుకు గది బయటపడింది. ఒకే ద్వారం, దిమ్మిస చేసిన గట్టి నేల, ఒక మూల పెద్ద కాగు అడుగుభాగం. నిలిచి ఉన్న గోడ మోకాలెత్తు మాత్రమే. ఆ సాయంత్రం దినచర్య పుస్తకంలో "నిల్వగది, కిటికీలు లేవు" అని రాసుకున్నాను. మోకాలెత్తు గోడను చూసి కిటికీలు లేవని ఎలా చెప్పగలిగానో ఈనాడు నాకే అర్థం కాదు. పైవారు దానిని 'భాండాగారం'గా సవరించారు. నివేదిక అలాగే అచ్చయింది. తరువాతి రచనల్లో అది ఏకంగా 'ధాన్యాగారం' అయింది. ఆ గదిలో ఒక్క గింజ కూడా దొరకలేదు. దొరకలేదన్న సంగతిని కూడా రాసి ఉంచాలన్న ఆలోచన అప్పుడు నాకు కలగలేదు.

ఒక గదిని నిల్వగది అని పిలవడానికి గోడల సాక్ష్యం ఎంతవరకు చాలుతుంది? ఈ ప్రశ్నను మన స్థలాల్లోనే పరీక్షించడం కష్టం. అక్కడ గోడలు మిగిలాయి, లెక్కల పుస్తకాలు మిగల్లేదు. కట్టడమూ, దానిని కట్టినవారి రాతలూ రెండూ నిలిచి ఉన్న చోటు ఒకటి కావాలి. పైగా అది వ్యాపారుల గోదాము కాకుండా, ధర్మప్రచారం కోసం వచ్చి, వస్తువులు లేకుండా బతకలేకపోయిన ఒక మతసమాజం కట్టుకున్న కొట్టు అయితే మన ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది. అటువంటి కట్టడం న్యూజిలాండ్ ఉత్తరకొసన, కెరికెరి అనే చిన్న పట్టణంలో ఉంది. అక్కడివారు దానిని 'రాతి కొట్టు' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ దేశంలో నిలిచి ఉన్న రాతి కట్టడాలన్నిటిలోనూ అదే పాతది. మన భాషలో 'కొట్టు' అనే మాటకు సరుకు దాచే గది అనీ, సరుకు అమ్మే అంగడి అనీ రెండర్థాలూ ఉండడం ఈ కథకు సరిగ్గా సరిపోయింది.

కెరికెరి నది సముద్రపు పాయలో కలిసే చోట ఒక చిన్న మడుగు ఏర్పడింది. పోటు సమయంలో పడవలు అక్కడిదాకా రాగలవు. మడుగుకు ఎదురుగా ఉన్న గట్టు మీద కొరొరిపో అనే మావోరీ కోట ఉండేది. అది నాపుహి తెగ నాయకుడు హొంగి హికాకు స్థావరం. ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ ఈ ద్వీపాల్లో తన మొదటి కేంద్రాన్ని 1814లో రంగిహువా దగ్గర నెలకొల్పింది. రెండవ కేంద్రానికి 1819లో శామ్యూల్ మార్స్‌డెన్ ఎంచుకున్నది ఈ మడుగు ఒడ్డు. హొంగి రక్షణలో, హొంగి కోట నీడలో ఆ కేంద్రం మొదలైంది. భూమికి మార్స్‌డెన్ చెల్లించిన ధర 48 గొడ్డళ్లు. పత్రంలోని విస్తీర్ణం సుమారు 13,000 ఎకరాలు. అమ్మకం అంటే ఇరుపక్షాలకూ ఒకే అర్థం ఉండి ఉండదని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఇక్కడ మనకు కావలసింది ఆ ధరలోని వస్తువు. నాణెం కాదు, వెండి కాదు, గొడ్డలి.

ఆ గొడ్డలిలోనే కొట్టు చరిత్ర అంతా ఇమిడి ఉంది. మిషనువారికి తిండిగింజలు, దుంపలు, పందిమాంసం, కలప, కూలి పని అన్నీ మావోరీల నుంచే రావాలి. మావోరీలకు కావలసినవి ఇనుప పనిముట్లు, దుప్పట్లు, గాలాలు. నాణేలకు అక్కడ విలువ లేదు కనుక కొట్టులోని సరుకే డబ్బు. కాబట్టి 1819లో ఒడ్డుకు దిగినవారు చేపట్టిన తొలి పనుల్లో ప్రార్థనామందిరం కంటే ముందు ఒక చెక్క గిడ్డంగి ఉంది. దానిని చూసుకునే బాధ్యత జేమ్స్ కెంప్ అనే కమ్మరిది. ధర్మప్రచారానికి వచ్చినవారిలో తాళంచెవి కమ్మరి చేతికి వెళ్లడం యాదృచ్ఛికం అనుకోను. ఆ సమాజపు ఆర్థికబలం ఇనుములోనే ఉంది.

ఇనుముతో పాటు తుపాకీ వచ్చింది. హొంగి హికాకు మిషను అవసరమైనది ప్రధానంగా వాణిజ్యం కోసం. 1820లో మిషనరీ థామస్ కెండాల్‌తో కలిసి అతడు ఇంగ్లండు వెళ్లాడు. కేంబ్రిడ్జిలో మావోరీ భాషకు వ్యాకరణం తయారు కావడానికి తోడ్పడ్డాడు. నాలుగవ జార్జి రాజు అతనికి శిరస్త్రాణాన్నీ, గొలుసుకవచాన్నీ బహూకరించాడు. తిరుగు ప్రయాణంలో సిడ్నీ చేరాక, తనకు వచ్చిన కానుకల్లో చాలావాటిని మార్చి వందల సంఖ్యలో తుపాకులు సమకూర్చుకున్నాడు. 1821 నుంచి అతని సేనలు కొరొరిపో నుంచి దక్షిణాదికి సాగించిన దండయాత్రలు వేలమందిని బలిగొన్నాయి. మార్స్‌డెన్ తుపాకుల వ్యాపారాన్ని గట్టిగా నిషేధించాడు. అయినా మిషనువారిలో కొందరు తిండి కోసం, క్షేమం కోసం తుపాకులు, మందుగుండు ఇచ్చి సరుకు తెచ్చుకున్నారు. కెండాల్‌ను సొసైటీ చివరకు తొలగించింది. అహింసను ప్రాతిపదికగా తీసుకునే మన పాఠకులకు ఈ ఘట్టం ఇబ్బంది కలిగించవచ్చు. దానిని దాటవేస్తే మాత్రం కొట్టు అర్థం కాదు. ఎవరికి ఏ సరుకు ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అన్న నియమం ఒక మతసమాజపు గిడ్డంగి గుమ్మం దగ్గర ఎంత తొందరగా పరీక్షకు వస్తుందో కెరికెరి చూపిస్తుంది. ఇవన్నీ మనకు తెలియడానికి కారణం మిషనరీల ఉత్తరాలు, దినచర్యలు. గోడల్లో దీని జాడ లేదు.

చెక్క గిడ్డంగి పదేళ్లకే శిథిలమైంది. దాని పక్కనే 1821–22లో కట్టిన మిషను ఇల్లు, అది కూడా చెక్కదే, ఈనాటికీ నిలిచి ఉంది. ఆ దేశంలోని ఐరోపా కట్టడాల్లో అదే పాతది. కెంప్ కుటుంబం 1832 నుంచి ఆ ఇంట్లో ఉంది. నిలువ ఉండే సరుకుకు మాత్రం నిప్పు, ఎలుక, దొంగ అనే ముగ్గురు శత్రువులూ భయపడే కట్టడం కావాలనుకున్నారు. 1832లో పని మొదలైంది. నమూనా గీసినవాడు జాన్ హాబ్స్. ఆయన ఈ మిషను మనిషి కాదు, వెస్లియన్ శాఖకు చెందిన మిషనరీ. రాతిపనికి విలియం పారట్ అనే తాపీమేస్త్రీని సిడ్నీ నుంచి పిలిపించారు. వడ్రంగం బెన్ నెస్బిట్‌ది. రాళ్లు మోసి, సున్నం కాల్చి, గోడ లేపడానికి కావలసిన శ్రమ మావోరీ పనివారిది. ఫలకాలపై మొదటి ముగ్గురి పేర్లు సులువుగా చదవగలం; నాలుగవ వర్గానికి పేర్లు లేవు. మన స్తూపాల దాతల శాసనాలు చదివేవారికి ఇది కొత్త అనుభవం కాదు.

గోడలకు వాడినది స్థానికంగా దొరికే నల్లని అగ్నిశిల. చెక్కడానికి మొండికేసే ఆ రాతితో మూలలు సాపుగా తీర్చడం కష్టం కనుక మూలరాళ్లకు, కమానులకు ఆస్ట్రేలియా నుంచి ఓడలో తెచ్చిన ఇసుకరాయిని వాడారు. సున్నపురాయి లేని ఆ ప్రాంతంలో సముద్రపు గవ్వలు, చిప్పలు కాల్చి సున్నం చేసుకున్నారు. మన కోస్తాలో పాత తాపీవారు గుల్లసున్నం అనేది అదే. సామగ్రి ఎంపికలోనే కట్టడం స్వభావం కనబడుతుంది: బరువైనది దగ్గరి నుంచి, అందమైనది దూరం నుంచి, అంటించేది కాళ్ల దగ్గరి నుంచి. 1836 నాటికి పని పూర్తయింది.

ఇంత శ్రమ దేనికోసం? మిషను సామానుతో పాటు ముఖ్యంగా గోధుమల కోసం. కెరికెరికి లోపలివైపు వైమాతె అనే చోట సొసైటీ ఒక పెద్ద వ్యవసాయక్షేత్రం నడపసాగింది. 1835 డిసెంబరులో బీగిల్ ఓడలో వచ్చిన చార్లెస్ డార్విన్ ఆ పొలాలను చూసి మెచ్చుకున్నాడు. మిషను తిండికి సిడ్నీ ఓడల మీద ఆధారపడనక్కరలేదని, వైమాతె గోధుమ బండ్లలో కెరికెరికి వచ్చి రాతి కొట్టులో నిండుతుందని పెద్దల అంచనా. ఆ గోధుమ రాలేదు. అనుకున్న దిగుబడి లేకపోయింది. ఈలోగా హొంగి హికా 1828లోనే మరణించాడు. మిషను కేంద్రస్థానం పైహియా వైపు జరిగింది. దేశంలోకెల్లా గట్టి గిడ్డంగి తయారయ్యేసరికి దానిలో పెట్టడానికి తగినంత సరుకు లేదు.

ఇక్కడి నుంచి ఈ కట్టడం చరిత్ర నాకు మరింత విలువైనదిగా కనిపిస్తుంది. ఏ పనికి కట్టారో ఆ పని దాదాపు చేయని గది, కట్టినవారు ఊహించని పనులన్నీ చేసింది. 1842లో వచ్చిన బిషప్ జార్జి ఆగస్టస్ సెల్విన్ వైమాతెలో మకాం పెట్టి, తన గ్రంథాలయాన్ని ఈ కొట్టు పై అంతస్తులో అమర్చుకున్నాడు. గోధుమ బస్తాల కోసం వేసిన బలమైన చెక్కనేల మీద వేదాంతగ్రంథాలు కొలువుదీరాయి. 1844లో ఆయన ఆక్లండ్‌కు తరలిపోయాడు. మరుసటి ఏడాదే హొనె హెకె తిరుగుబాటుతో ఉత్తరాన యుద్ధం మొదలైంది. బ్రిటిష్ సైన్యం ఈ గోడల మందాన్ని చూసి మందుగుండు దాచుకుంది. యుద్ధం ముగిశాక కొట్టు అద్దెలకు వెళ్లింది. ఆ కాలంలో ఉత్తరద్వీపంలో కౌరీ వృక్షపు గుగ్గిలం పెద్ద ఎగుమతి సరుకు. నేలలో శతాబ్దాలుగా గడ్డకట్టిన ఆ జిగురును తవ్వి తీసి వార్నిష్ తయారీకి విదేశాలకు పంపేవారు. ఆ గుగ్గిలం కొని, బదులుగా తవ్వకపుకూలీలకు కావలసిన సామాను అమ్మే అంగడిగా రాతి కొట్టు చాలాకాలం నడిచింది. మధ్యలో మగపిల్లల బడిగా ఉంది. మళ్లీ కిరాణా కొట్టు అయింది.

ఒక ఊహ చేయడానికి పాఠకులు అనుమతించాలి. రెండువేల ఏళ్లు గడిచి, కప్పు కూలి, చెక్క అంతస్తులు చివికి, కాగితమన్నది మిగలకుండా పోయి, మోకాలెత్తు నల్లరాతి గోడలు మాత్రం మట్టిలో ఉన్నాయనుకుందాం. నా వంటి పరిశోధకుడు ఒకడు అక్కడ ట్రెంచి వేస్తాడు. నేల సందుల్లో గుగ్గిలపు ముక్కలు విస్తారంగా దొరుకుతాయి. కొన్ని సీసపు గుండ్లు, తుప్పు పట్టిన ఇనుము, పలకబలపం ముక్క ఒకటి రెండు దొరకవచ్చు. గోధుమ దొరకదు, లేదా ఎక్కడో నాలుగు మాడిన గింజలు దొరికితే అవే ప్రధాన ఆధారమై కూర్చుంటాయి. బిషప్ పుస్తకాల జాడ ఏమాత్రం ఉండదు. మూలల్లో విదేశీ ఇసుకరాయి చూసి ఇది అధికారపీఠమని ఒకరు, మందపు గోడలు, సీసపు గుండ్లు చూసి కోట అని ఇంకొకరు, గుగ్గిలం చూసి ధూపద్రవ్యం దాచిన దేవాలయశాల అని మరొకరు వాదిస్తారు. చివరి వాదన మతకేంద్రం దగ్గరలో ఉంది కనుక బహుశా గెలుస్తుంది కూడా. కట్టినవారి ఉద్దేశం మాత్రం ఏ ట్రెంచిలోనూ దొరకదు. అది నెరవేరలేదు కనుక వస్తురూపంలో నిలవలేదు.

ఇప్పుడు మన గ్రంథాల వైపు తిరుగుదాం. వినయపిటకం మహావగ్గంలో చీవరక్ఖంధకం భాండాగారం పుట్టుకను చెబుతుంది. భిక్షువులు చీవరాలను మండపంలో, చెట్టు మొదట, చెట్టు తొర్రలో పెడితే ఎలుకలు, చెదలు కొట్టేశాయి. అప్పుడు బుద్ధభగవానుడు విహారం, అడ్ఢయోగం, పాసాదం, హమ్మియం, గుహ అనే ఐదింటిలో సంఘం కోరిన దానిని భాండాగారంగా సమ్మతించుకోవచ్చునని అనుజ్ఞ ఇచ్చాడు. ఇందులో ఒక విషయం పురావస్తు పరిశోధకులు గమనించవలసినది. భాండాగారమనే ప్రత్యేక నిర్మాణరూపం ఏదీ వినయంలో ఇక్కడ విధించలేదు. ఉన్న కట్టడాల్లో ఒకదానిని సంఘం తీర్మానంతో భాండాగారం చేసుకుంటుంది. అంటే దానిని భాండాగారం చేసేది గోడ కాదు, సంఘకర్మ. ఆ వెంటనే కాపలా లేని భాండాగారం సమస్య వస్తుంది. ఐదు గుణాలున్న భిక్షువును భాండాగారికుడిగా నియమించమని అనుజ్ఞ. ఇష్టం, ద్వేషం, మోహం, భయం అనే వాటికి లొంగనివాడు, ఏది భద్రంగా దాచబడిందో ఏది దాచబడలేదో తెలిసినవాడు కావాలి. కెంప్ ఈ నియమం విని ఉండడు కానీ, మడుగు అవతల హొంగి కోటను చూస్తూ తాళంచెవి పట్టుకున్న మనిషికి వాటిలో భయం అనే మాట ఎంత బరువో తెలిసే ఉండాలి.

తిండిపదార్థాల విషయం ఇంకా సున్నితమైనది. భేసజ్జక్ఖంధకంలో జనం ఉప్పు, నూనె, బియ్యం బండ్లమీద తెచ్చి ఆరామద్వారం బయట విడిది చేసి ఉండగా మబ్బు కమ్ముతుంది. ఎక్కడ పెట్టమంటారని ఆనందుణ్ణి అడుగుతారు. అంచున ఉన్న ఒక విహారాన్ని కప్పియభూమిగా సమ్మతించి అక్కడ ఉంచమని అనుజ్ఞ వస్తుంది. ఆ తరువాత అక్కడ వంటల సందడి, కాకుల గోల పెరగడంతో నియమాలు మారి, చివరకు ఉస్సావనంతిక, గోనిసాదిక, గహపతి, సమ్ముతి అనే నాలుగు విధాల కప్పియభూములు స్థిరపడ్డాయి. స్తంభం నాటేటప్పుడు ప్రకటించడం వల్ల ఒకటి, చుట్టూ ప్రాకారం లేకపోవడం వల్ల ఒకటి, గృహస్థుడిది కావడం వల్ల ఒకటి, సంఘం తీర్మానించడం వల్ల ఒకటి ఏర్పడతాయి. వీటిలో ప్రాకారం విషయం తప్ప తక్కినవి తవ్వకంలో కనబడే తేడాలు కావు. ఒకే రకపు నాలుగు గోడలు మూడు వేరువేరు వినయస్థితుల్లో ఉండవచ్చు. ఈ సంగతి భిక్షువులకు నేను చెప్పనక్కరలేదు. నివేదికలు రాసే మా వర్గానికి చెప్పాలి.

రాతలు నిలిచిన చోట పరిస్థితి ఎంత మెరుగ్గా ఉంటుందో చూపడానికి దక్షిణాసియాలోనే ఆధారాలున్నాయి. గోరఖ్‌పూర్ ప్రాంతపు సోహ్‌గౌరా తామ్రఫలకం రెండు కోష్ఠాగారాలను పేర్కొంటుంది, అవి ఆపత్కాలానికి ఉద్దేశించినవని చెబుతుంది. బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్ శాసనఖండం కష్టకాలంలో ధాన్యం ఇచ్చి, మంచి రోజులు వచ్చాక కోష్ఠాగారాన్ని తిరిగి నింపవలసిన పద్ధతిని తెలుపుతుంది. శ్రీలంకలో మిహింతలె కొండ మీద నాలుగవ మహిందుని కాలపు, అంటే 10వ శతాబ్దపు, రెండు శిలాఫలకాలు మరింత ముందుకు వెళతాయి. రోజువారీ ఖర్చును పుస్తకంలో ఎక్కించాలి, దాని నుంచి నెల లెక్క, నెలల నుంచి ఏడాది లెక్క తీయాలి, ఏడాది చివర సంఘం ఎదుట ఉంచాలి అని ఆ నిబంధనలు. ఎవరికి ఎంత బియ్యం, ఎవరికి ఎంత భూమి అన్నది కూడా రాతిమీదే ఉంది. అక్కడి భోజనశాల దగ్గర నిలిచిన పెద్ద రాతి తొట్టెలను ఈ ఫలకాలతో కలిపి చదవగలుగుతున్నాం. ఫలకాలు లేకపోతే ఆ తొట్టెల గురించి ఎన్ని కథలు పుట్టేవో!

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ మీద మనకు అటువంటి ఫలకం లేదు. రాతిలో తొలిచిన నీటి తొట్లు కొండకు పేరిచ్చాయి. 1988 తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ జరిపిన తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, విహారాలతో పాటు వంటశాల, భోజనశాల, భాండాగారం గుర్తించారు. రోమన్ వెండి నాణేలు, శాతవాహన నాణేలు దొరికాయి. ఆ గుర్తింపులను నేను తప్పుపట్టడం లేదు. నీరు, వంట, భోజనం ఒక వరుసలో కనిపించే చోట నిల్వకు స్థానం వెదకడం న్యాయమే. నా అభ్యంతరం ఒక్కటే. రేవుకు అంత దగ్గరగా, ఓడల వర్తకంతో సంబంధం ఉన్న సంఘపు నిల్వగది మూడునాలుగు వందల ఏళ్లపాటు ఒకే పని చేసిందని నమ్మడం కష్టం. కెరికెరి కొట్టు పదేళ్లలో మూడు పనులు చేసింది. వర్షావాసంలో ఒకటి, దాతల రాక కాలంలో ఒకటి, సంఘం క్షీణించిన రోజుల్లో మరొకటి కావచ్చు. ఫలకం మీద 'భాండాగారం' అని ఒక్క మాట రాసి నిలబెట్టినప్పుడు సందర్శకుడికి ఆ అవకాశాలన్నీ మూసుకుపోతాయి.

కట్టడాల పరిరక్షణ చేసేవారికి కెరికెరిలో మరో విషయం ఉంది. 1970వ దశకం మధ్యలో కొట్టు అక్కడి చారిత్రక స్థలాల పరిరక్షణ సంస్థ చేతికి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో పక్కనున్న ఇంటిని కెంప్ వంశీకులు ఆ సంస్థకే అప్పగించారు. 1981లో మడుగుకు పెద్ద వరద వచ్చింది. పక్కనే ఉన్న రోడ్డు వంతెన తక్కువ ఎత్తులో ఉండడం వల్ల కొట్టుకొచ్చిన చెత్త అడ్డుపడి నీరు ఎగదన్నే ప్రమాదం ఉంది. పైగా ఆ రోడ్డు మీద బండ్ల అదురు రోజూ గుల్లసున్నపు గోడలకు తగిలేది. గోడలకు మరమ్మతులు చేసి ఊరుకోకుండా, రాకపోకలను మరో దారికి మళ్లించి, 2008లో పాత వంతెననే తీసివేశారు. రాతి కొట్టు కోసం ఒక ఊరు తన దారిని మార్చుకుంది. మన ప్రాంతంలో దారి కోసం దిబ్బను తొలిచిన ఉదాహరణలు ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పాలా?

కొట్టు కింది అంతస్తులో ఇప్పటికీ సరుకు అమ్ముతారు. పై అంతస్తుల్లో ప్రదర్శనశాల ఉంది. సంస్థవారు దానిని ఏదో ఒక సంవత్సరానికి గడ్డకట్టించి 'మిషను గిడ్డంగి' అని పేరు పెట్టి తాళం వేయలేదు. కొట్టు రెండర్థాలనూ అలాగే ఉండనిచ్చారు.

గత వేసవిలో నా పాత దినచర్య పుస్తకాల నకళ్లు తీస్తుండగా ఆ ఇరుకు గది పుట తగిలింది. 'నిల్వగది, కిటికీలు లేవు' అన్న మాటలను కొట్టివేయలేదు. పుస్తకంలో రాసినది కొట్టివేయకూడదు. తేదీ వేసి కింద ఇలా చేర్చాను: "నిలిచిన గోడ ఎత్తు మోకాలి వరకే, కిటికీల గురించి చెప్పలేము. ద్వారం ఒకటి. నేల దిమ్మిస చేసినది. ఆగ్నేయమూల కాగు అడుగుభాగం, లోపల మన్ను మాత్రమే; జల్లెడ పట్టలేదు. ధాన్యం దొరకలేదు."